పని ఈడ, మనిషి ఆడ

పోయిన దసరాకు ఊరికి వెళ్లినప్పుడు, జమ్మి ఇచ్చుకోవడాలు, అలాయ్ బలాయ్‌లు అన్నీ అయిపోయిన మర్నాడు, మా మేనకోడలు ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మామా, గీ లెటర్ జర చూడు. నీకు రాసుడు అలవాటే గదా" అంది.

ఇంగ్లీషులో పేజీన్నర ఉత్తరం. తానెవరో, హైదరాబాద్ కంపెనీలో ఎన్నేళ్లుగా చేస్తున్నదో, జీతమెంతో, కౌలాలంపూర్‌లో ఆరు నెలలు ఎందుకు ఉండాలనుకుంటున్నదో వరసగా చెప్పుకొచ్చింది. చివరి వాక్యం దగ్గర నా చూపు ఆగింది. గడువు తీరగానే తప్పకుండా నా దేశానికి తిరిగి వస్తాను, అని ఉంది.

"ఇది నువ్వే రాసినవా?"

"కాదు మామా, కన్సల్టెన్సీ ఆయన రాయమన్నడు. అది లేకపోతే లెటర్ బలంగ ఉండదంట."

ఆమె అడుగుతున్నది మలేసియా వాళ్ల డీఈ రంతావ్ పాసు. 2022 అక్టోబరులో మొదలైంది. వేరే దేశపు కంపెనీకి కంప్యూటర్ మీద పనిచేసే వాళ్లు మూడు నెలల నుంచి ఏడాది దాకా అక్కడ ఉండొచ్చు, కావాలంటే మరో ఏడాది పొడిగించుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ లాంటి పనుల్లో ఉన్నవాళ్లకు ఏడాదికి 24 వేల డాలర్లకు పైగా సంపాదన ఉండాలి. మన లెక్కలో 21 లక్షల పైమాటే. మా పిల్ల జీతం 22 లక్షలు. గీత మీద నిలబడి ఉంది. ఈ పాసు పేరే నన్ను ఎక్కువ పట్టింది. మలయ్ భాషలో రంతావ్ అంటే సొంత సీమ విడిచి బతుకుదెరువుకు పరాయి సీమకు పోవడం. పాలమూరు, నల్లగొండ మనుషులకు ఆ మాటను వేరే అనువదించి చెప్పక్కర్లేదు. వలస.

కరోనా ఏడాదిలో ఇలాంటి వీసాల సంత మొదలైంది. 2020 జూలైలో బార్బడోస్, ఆ తర్వాతి నెలలో ఎస్తోనియా తలుపు తీశాయి. హోటళ్లు ఖాళీగా పడి ఉన్నాయి, జీతాలున్న జనం ఇళ్లలో కూర్చుని ఉన్నారు. ఆ రెంటినీ కలపాలన్న ఆలోచన అది. పోర్చుగల్ 2022లో వచ్చి, తమ దేశపు కనీస వేతనానికి నాలుగు రెట్లు సంపాదన చూపించమంది. 2025 లెక్కన నెలకు 3,480 యూరోలు, అంటే మూడున్నర లక్షల రూపాయల దాకా. మా పిల్ల ఆ పేజీ మూసేసింది. 2024 జూలైలో వచ్చిన థాయ్‌లాండ్ వీసాకు బ్యాంకులో 5 లక్షల బాట్ల నిల్వ కావాలి. జపాన్ కోటి యెన్ల వార్షికాదాయం అడిగింది. అంత ఉన్నా లాభం లేదు, వాళ్ల జాబితాలో మన దేశమే లేదు. అన్నీ చూసి చూసి మలేసియా దగ్గర ఆగింది.

మా ఊరు దేవరకొండ నుంచి డిండి పోయే దారిలో ఉంటుంది. ఇంకొంచెం ముందుకు పోతే నల్లగొండ అయిపోయి పాత మహబూబ్‌నగర్ జిల్లా, అదే పాలమూరు, మొదలవుతుంది. నాయనకు 84 ఏళ్లు. అరుగు మీద కూర్చుని మా మాటలన్నీ వింటున్నాడు.

"ఆడ ఏం పని దొరికింది బిడ్డా?"

"ఆడ పని లేదు తాతా. పని ఈడిదే. మా హైదరాబాద్ కంపెనీదే."

"పని ఈడిదైతే నువ్వు ఆడికి ఎందుకు పోవుడు?"

"యాడ ఉండైనా చెయ్యొచ్చు తాతా."

"పైసలు ఎవరిస్తరు మరి? ఆ దేశపోళ్లా?"

"వాళ్లెందుకిస్తరు? వాళ్ల దగ్గర పని చెయ్యొద్దనే రూలు."

నాయన నా వైపు తిరిగి, ఏ కాన్సులేటు అధికారి ముఖంలోనూ నేను చూడనంత అనుమానంతో చూశాడు. తెలిసిన మేస్త్రి ఎవడూ ఇలాంటి పని చెప్పి మనుషుల్ని తోలుకుపోలేదు మరి.

1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసినప్పుడు నాయనకు పద్నాలుగేళ్లు. రెండేళ్లకు గుంపులో కలిసి పోయాడు. గుంపు మేస్త్రి వచ్చి ఇంట్లో పెద్దలకు అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సు పాత అప్పులోకి పోయేది, మనిషి డ్యాం మీదికి పోయేవాడు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. కట్టెలతో కట్టిన వాలు మీద నెత్తిన రాయి పెట్టుకుని వరసకట్టి ఎక్కేవాళ్లు. నాయన ఇప్పటికీ ఆ వాలు గురించి చెప్పేటప్పుడు అరచెయ్యి ఏటవాలుగా పెట్టి చూపిస్తాడు, ముందు పోయే మనిషి మడమ తప్ప ఇంకేమీ కనపడేది కాదంటాడు. హాజరు అంతా మేస్త్రి దగ్గరున్న నోటుబుక్కులో నిలువు గీతలు. బట్వాడా రోజు గీతలు లెక్కబెట్టి, అడ్వాన్సు కోసుకుని, మిగిలింది చేతిలో పెట్టి, వేలిముద్ర వేయించుకునేవాడు. 1967లో కాలువలకు నీళ్లు వదిలేనాటికి నాయన వేరే చోట మట్టి తవ్వుతున్నాడు. ఆ డ్యాం మీద తాను పనిచేసినట్టు రుజువు అడిగితే ఆయన దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. డ్యాం ఉంది.

మాది ఎర్ర చెలక నేల, చాలీచాలని వాన. కృష్ణ పక్కనే పారుతుంది గానీ ఎక్కడో లోతున. అందుకే దేశంలో పెద్ద ఆనకట్ట ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ ఉంటుందన్న పేరు పడింది. సాగర్ అయ్యాక శ్రీశైలం, ఆ తర్వాత పై రాష్ట్రాల ప్రాజెక్టులు, ముంబై, పుణే కట్టుబడి పనులు. 1979లో కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చి, ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలంది. ఊరు విడిచినందుకు నెల కూలిలో సగం భత్యంగా ఇవ్వాలని కూడా అంది. మా చుట్టుపక్కల గుంపులతో పోయినవాళ్లు ఎందరో నాకు తెలుసు. ఆ పాస్‌బుక్కు ఎట్లా ఉంటుందో నేను ఈ రోజుకీ చూడలేదు.

మలయాకు తెలుగువాళ్లు పోవడం కూడా ఇప్పటిది కాదు. మనవాళ్లు కాదు గానీ, విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు వాళ్లు బ్రిటిష్ కాలంలో అక్కడి రబ్బరు, కొబ్బరి తోటలకు ఓడలెక్కారు. అక్కడికి తోలుకుపోయేవాణ్ణి కంగాణి అనేవాళ్లు. బర్మాకు తోలుకుపోయేవాణ్ణి మేస్త్రి అనే అన్నారు. 1938లో భారత ప్రభుత్వం మలయా తోటలకు ఇలా కూలీలను పంపడం ఆపేదాకా అది నడిచింది. అక్కడే ఉండిపోయిన వాళ్ల పిల్లలు 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. సాగర్ పునాది రాయి ఏడాదే. పెరక్‌లోని బాగన్ దాతో వైపు కొబ్బరి తోటల ఊళ్లలో ఇప్పటికీ తెలుగు ఇళ్లున్నాయి. ఈ సంగతి చెబితే మా పిల్ల కళ్లు మెరిశాయి. "అయితే ఉగాదికి ఆడికే పోత మామా, పచ్చడి దొరుకుతది" అంది.

కంగాణి లేని కాలంలో ఆ పని కాగితాలు చేస్తున్నాయి. వాటిలో మొదటి చిక్కు పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమై చివరికి పోయింది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి వేరు, పేరు గడి వేరు. రికార్డుల ప్రకారం మా పిల్ల ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురూ ఒకరేనని నోటరీ దగ్గర స్టాంపు పేపరు మీద అఫిడవిట్ తీసింది. మన ప్రాంతంలో ఈ అఫిడవిట్ తీయని ఇల్లు తక్కువ. ఇంటిపేరు ముందు పెట్టుకునే మన పద్ధతి ఏ దేశపు ఫారానికీ ఇంతవరకు అర్థం కాలేదు.

తర్వాత పోలీస్ క్లియరెన్స్. నల్లగొండ పోస్టాఫీసులోని పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దరఖాస్తు పెడితే, విచారణకు ఠాణా నుంచి ఒకాయన ఊరికి వచ్చాడు. మర్యాదస్తుడు. చాయ్ తాగి, ఎదురింటి ముసలమ్మను అడిగాడు, ఈ అమ్మాయి మీద కేసులేమన్నా ఉన్నయా అని. "ముప్పై ఏండ్లొస్తున్నయ్ సారూ, పెండ్లంటే ఒప్పుకుంటలేదు. గదొక్కటే కేసు" అందట ఆమె. నయం, ఆ మాట రిపోర్టులోకి ఎక్కలేదు.

బ్యాంకు స్టేట్‌మెంట్ మూడు నెలలది కావాలి. అందులో ఒక చోట లక్షా ఎనభై వేలు ఒక్కసారే పోయాయి. ఇదేమిటో వివరణ రాయాలన్నాడు కన్సల్టెన్సీ ఆయన. అది మా బావ వేయించిన బోరు. ఆరు వందల అడుగులు పోయింది, దుమ్ము తప్ప ఏం రాలేదు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ఎట్లా రాయాలని పిల్ల నన్నడిగింది. వ్యవసాయ ఖర్చు అని రాయమన్నాను. పత్తి చేను మధ్యలో రాతిపొడి కుప్ప తెల్లగా ఇంకా అట్లాగే ఉంది. దాన్ని ఏ స్టేట్‌మెంటూ చూపించదు.

అన్నింటికన్నా కష్టమైంది కంపెనీ ఉత్తరం. వేరే దేశంలో ఉండి పని చేసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు, అన్న ఒకే ఒక్క వాక్యం కావాలి. ఆ వాక్యానికి ఐదు వారాలు పట్టింది. క్లయింటు సమాచారం దేశం దాటకూడదన్నారు. పన్ను లెక్కలు తిరగబడతాయన్నారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. ఏడాదిలో ఎన్ని రోజులు ఎక్కడ ఉన్నావన్న దాన్ని బట్టి మన ఆదాయపు పన్ను చట్టమే మనిషి స్థితి మార్చేస్తుంది, 182 రోజుల గీత అందరికీ తెలిసిందే. ఆ గీత దాటకుండా చివరికి ఆరు నెలలకు ఒప్పుకున్నారు, పిలిచిన వారంలో వచ్చి ఆఫీసులో కూర్చోవాలన్న షరతు మీద. నాకు మాత్రం 2020 మార్చి గుర్తొచ్చింది. ఇదే కంపెనీ, రెండు రోజుల్లో అందర్నీ ఇళ్లకు పంపింది. ఎక్కడుంటారని అడగలేదు, ఉత్తరం ఇవ్వలేదు. రెండేళ్లు మా పిల్ల డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన, సిగ్నల్ అందే చోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పనిచేసింది. వాన పడితే గొడుగు. ఒకసారి మీటింగులో ఎక్కడో ఉన్న మేనేజరు, వెనకాల నెమలి అరుస్తుంటే అలారమా అని అడిగాడట. అప్పుడు దూరం ఎవరికీ అడ్డం కాలేదు. 2025 డిసెంబరులో అమెరికా కాన్సులేట్లు హెచ్1బీ వాళ్ల ఇంటర్వ్యూలను నెలల తరబడి వెనక్కి జరిపినప్పుడు, స్టాంపింగ్ కోసం వచ్చి చిక్కుకుపోయిన వాళ్లలో కొందరికి ఇక్కడి నుంచే పనిచేయడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. అవసరం తమదైనప్పుడు దూరం చిన్నదవుతుంది కంపెనీలకు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1983 వలస చట్టం కింద, పదో తరగతి పాసు కానివాళ్లు పనికి పోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన దేశాలు 18 ఉన్నాయి. గల్ఫ్ దేశాలు అందరికీ తెలిసినవే. మలేసియా, థాయ్‌లాండ్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే పది తప్పిన మా ఊరి పిల్లగాడు కౌలాలంపూర్‌లో కట్టుబడి పనికి పోవాలంటే పాస్‌పోర్టు మీద ఒక ముద్ర, ప్రొటెక్టర్ ఆఫీసు, కాంట్రాక్టు పరిశీలన. వాణ్ణి కాపాడటానికే ఆ నిబంధన, కాదనను. మోసపోయి వచ్చినవాళ్ల కథలు తెలిసినవాణ్ణి. కానీ అదే విమానంలో, అదే ఊరి అమ్మాయి పక్క సీట్లో కూర్చుంటే ఆమెను అక్కడికి రమ్మని పిలుస్తారు. ఆమె డబ్బు తెచ్చి ఖర్చుపెడుతుంది, అతడు పని చేసి డబ్బు పంపిస్తాడు. దేశాలకు ఎవరిని పిలవాలో ఎవరిని వడపోయాలో బాగానే తెలుసు.

ఇక ఆ చివరి వాక్యం. తిరిగి వస్తాను. ఆ వాక్యాన్ని చూస్తుంటే నాకు ముల్కీ నిబంధనలు గుర్తుకొచ్చాయి. 1919లో నిజాం ప్రభుత్వం తెచ్చినవి. బయటి నుంచి వచ్చినవాడు హైదరాబాద్ సంస్థానంలో ముల్కీ, అంటే సర్కారు కొలువుకు తగిన స్థానికుడు, కావాలంటే కనీసం 15 ఏళ్లు ఇక్కడ స్థిరంగా ఉండాలి. అది అందరికీ తెలుసు, 1952లోనూ 1969లోనూ రోడ్ల మీదికి వచ్చిన గొడవే. దానికి తోడుగా ఇంకో షరతు ఉండేది: వెనకటి ఊరికి తిరిగి పోయే ఉద్దేశం వదులుకున్నానని మేజిస్ట్రేటు సంతకంతో ప్రమాణపత్రం ఇవ్వాలి. ఉద్యోగం కావాలంటే తిరిగి పోనని రాయాలి. ఇప్పుడు వీసా కావాలంటే తిరిగి వస్తానని రాయాలి. మనసులో ఉద్దేశం ఏముందో కాగితం మీద తేల్చుకోవాలన్న కోరిక మాత్రం నూరేళ్లుగా అట్లాగే ఉంది.

నాయన తరం ఏమీ రాసి ఇవ్వలేదు. అయినా వచ్చేవాళ్లు. పీర్ల పండుగకు వచ్చేవాళ్లు, ఉగాదికి వచ్చేవాళ్లు, పాలమూరు వైపు వాళ్లు కురుమూర్తి జాతరకు వచ్చేవాళ్లు. ముసలి తల్లిదండ్రుల దగ్గర పిల్లల్ని వదిలి పోయారు గనుక వచ్చేవాళ్లు, ముందటేడు అప్పు ఇంకా ఊళ్లోనే ఉంది గనుక వచ్చేవాళ్లు. రానివాళ్లూ ఉన్నారు, ఏ వాలు మీద నుంచో జారినవాళ్లు, పేరు కూడా నోటుబుక్కులోనే ఉండిపోయినవాళ్లు.

మా ఇంట్లో ఇంతవరకు కోరి ఎవరూ ఊరు దాటలేదు. నాయన కడుపు కోసం పోయాడు. నేను చదువు పేరుతో హైదరాబాద్ పోయి ఉద్యోగం పేరుతో ఉండిపోయాను. ఈ పిల్లకు అట్లాంటి అక్కర ఏదీ లేదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో ఐటీ టవర్ తెరిచారు, అదే ఏడాది అక్టోబరులో నల్లగొండలో తెరిచారు. ఊరి దగ్గరే కూర్చుని పని చేసుకోవచ్చు గదా అన్నాను, ముసలివాళ్లు అనే మాటే. కొద్దిసేపు ఆగి, "సముద్రం అవతల ఉండాలనుంది మామా. చూడాలనుంది. అంతే" అంది. ఉత్తరంలో ఆ మాట లేదు. వృత్తిపరమైన అనుభవం విస్తరించుకోవడం, బహుళ సంస్కృతుల వాతావరణం అని ఏదో ఉంది. ఆ రెండు పంక్తులు కొట్టేసి ఆమె అన్నది అన్నట్టు రాద్దామన్నాను. ఒప్పుకోలేదు. చూడాలనుంది అంటే ఎవరు నమ్ముతారు అంది. కంపెనీ నమ్మలేదు, వాళ్లమ్మ కూడా నమ్మలేదు, పెళ్లి తప్పించుకోవడానికే పోతున్నదని మా చెల్లె గట్టి అభిప్రాయం. అయినా ఆమే చిలుకూరు బాలాజీకి మొక్కుకుంది. పదకొండు ప్రదక్షిణలు తిరిగి వచ్చి, వీసా అయితే నూటెనిమిది, ఇది ఉత్త పాసేనట, దీనికి ఎన్ని తిరగాలె అని నన్నడిగింది. తక్కువ తిరిగి దేవుడితో పేచీ ఎందుకు, నూటెనిమిదే తిరుగు అన్నాను.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉన్నాను. జీతం గీత మీద ఉంది గనుక, పే స్లిప్పుల్లో కొంచెం "సర్దితే" ఇబ్బంది ఉండదని ఎవరో సలహా ఇచ్చారట. అమీర్‌పేట గోడల మీద గ్యారంటీ వీసా అని రాసే వాళ్ల సలహాల వంటిదే. వద్దన్నాను. గీత మీద ఉన్నా గీత అవతలే ఉన్నావు, అదే చూపించు అన్నాను. పాస్‌పోర్టు అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీలతో సహా, స్కాన్ చేసి నవంబరులో పెట్టింది. దరఖాస్తు పరిశీలనలో ఉందని మాత్రం చూపిస్తున్నది ఇంకా.

దసరా మర్నాటి రాత్రి సంగతి ఒకటి మిగిలింది. అన్నాలు తిన్నాక పిల్ల తాత పక్కన కూర్చుని ఫోనులో ఆ ఊరు చూపించింది. రెండు గోపురాల మేడ చూపిస్తే ఆయన ఊఁ అన్నాడు. రైలు చూపిస్తే ఊఁ అన్నాడు. తర్వాత అడిగాడు, ఈ నేల మీద పుట్టిన ఎవరైనా మొదట అడగవలసిన మాట.

"ఆడ నీళ్లున్నయా బిడ్డా?"

"మస్తున్నయి తాతా. రోజూ వానే. పొద్దుగూకంగనే పడతదంట."

"ఎండకాలం గూడ?"

"ఎండకాలం గూడ."

నాయన ఫోను ఆమె చేతికి ఇచ్చేసి, దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు.

"అయితే ఇది తిరిగి రాదు" అన్నాడు నాతో.